వాగు మీద పిల్లల కట్ట

కొండమీది బడి, టీచర్ల క్వార్టర్సు
ఎండలు ముదిరిన వేళ

బుల్లెమ్మా,

నీ కూతురు క్షేమం. ఆ మాట ముందు రాయకపోతే నువ్వు మిగతా ఉత్తరం చదవవని మీ అన్నయ్య అన్నారు. తింటోంది, నిద్రపోతోంది, లెక్కల్లో తప్పులు చేస్తోంది. అరచేతులు మాత్రం బొబ్బలెక్కాయి. కంగారు పడకు, ఆ పుణ్యం నాదే.

సంగతేమిటంటే, ప్రతి బడీ తన పక్కనున్న నీళ్ళ మీద ఏదో ఒక పని చేసి చూపించాలని ఈ ఏడాది పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మిగతా బళ్ళు అట్టల మీద బొమ్మలు అతికిస్తున్నాయి. నేను తొమ్మిదో తరగతిని వెంటేసుకుని వాగు పుట్టిన చోటికి నడిపించాను. అక్కడ పెద్దగా ఏమీ లేదు, రెండు బండల మధ్య తడి. "ఇంతేనా టీచర్" అన్నాడొకడు, నేనేదో మోసం చేసినట్టు. అక్కణ్ణుంచి దిగుతూ ఏ పాయ ఎక్కడ కలుస్తోందో, వాన పడితే ఏ వాలు మీద మన్ను కొట్టుకుపోతోందో గీసుకుంటూ వచ్చాం. గీత కాయితం చివరికి వచ్చేసరికి గువ్వ పెన్సిలు ఆపేసింది. "అత్తా, ఇది మా ఇంటికే వెళ్తోంది" అంది. బళ్ళో అత్తా అనొద్దని చెవినిల్లు కట్టుకుని చెప్పినా, ఆ పూట వదిలేశాను.

ఇప్పుడు గండి పడ్డ చోటల్లా రాళ్ళు పేరుస్తున్నాం. సిమెంటు లేదు, ఉత్త రాళ్ళే. వాన నీళ్ళ దూకుడు తగ్గాలి, మన్ను ఆగాలి, నీళ్ళు మాత్రం సందుల్లోంచి మెల్లగా దిగిపోవాలి. "మనం వాగుని ఆపట్లేదు, పరిగెత్తేదాన్ని నడిపిస్తున్నాం" అని పిల్లలకి చెప్పాను.

గువ్వకి జోడీగా పాలవ్యాను డ్రైవరు గారి అమ్మాయి దొరికింది. తరగతిలో అందరికన్నా పొడుగు. అందరూ నిచ్చెన అంటారు, తనూ పలుకుతుంది. రాయిని చేత్తో ఇలా తిప్పి చూసి, ఎక్కడ కూర్చుంటుందో చెప్పేస్తుంది. గువ్వ చెప్పినచోట పెడుతుంది. ఇద్దరూ కలిసి మిగతా వాళ్ళమీద పెత్తనం చేస్తున్నారు.

ఈ ఉత్తరం తెచ్చింది ఆ నిచ్చెన వాళ్ళ నాన్నే. మా కొండమీద ఫోను పలకదు కాబట్టి, ఇకమీదట మన ఇద్దరికీ తపాలా ఆయనే. టీ ఇచ్చి పంపు.

మీ వదిన

*

దిగువ, నారుమళ్ళ ఇల్లు

వదినా,

టీ ఇచ్చాను. రెండోసారి అడిగి మరీ తాగారు. కూతురి గురించి చెప్పేటప్పుడు ఆయన రెండు చేతులూ స్టీరింగు తిప్పుతున్నట్టే తిరుగుతాయి, నువ్వెప్పుడైనా చూశావా? "ఇంకా పెరుగుతోందమ్మా, తలుపులు మార్చాలేమో" అన్నారు. ఒక్కతే కూతురట.

నీ ఉత్తరం పైకి చదివాను. మా ఇంట్లో అదే పద్ధతి. మా ఆయన నారు ట్రేలు కడుగుతూ వింటారు, నేను గట్టు మీద కూర్చుని చదువుతాను. బొబ్బల దగ్గర చెయ్యి ఆపి, "ఇంట్లో చెంబెత్తమంటే నెప్పులంటుంది, అక్కడ రాళ్ళు మోస్తోందా" అన్నారు. అలా అన్న మనిషే, నారు కోసం వచ్చినవాళ్ళందరికీ "మా అమ్మాయి పైన వాగు బాగుచేస్తోంది" అని చెప్పుకుంటున్నారు. వింటూంటే నాకే సిగ్గేస్తోంది.

ఈసారి వంగ, టమాటా, క్యాబేజీ, మూడు రకాలూ వేశాం. కొత్తగా రెండు మళ్ళు పెంచాం. వానలు పడితే చుట్టుపక్కల వాళ్ళంతా మన గుమ్మంలోనే. వాగులో మా పైపు దగ్గర నీళ్ళు కాస్త దిగాయి కానీ, ఎండాకాలం ఎప్పుడూ ఉండేదే.

చేతులకి రాసుకోమని ఆయింట్‌మెంటు పంపుతున్నాను. నిచ్చెనకి కూడా ఇమ్మను.

బుల్లి

*

కొండమీది బడి
మొదటి వానల తర్వాత

బుల్లెమ్మా,

కట్టలు నిలిచాయి.

ఆ వాన పడుతున్నంతసేపూ నేను పాఠం చెప్పలేకపోయాను, వాళ్ళు వినలేకపోయారు. వెలిసీ వెలవకముందే అందరం వాగు దగ్గరికి పరిగెత్తాం. ప్రతి కట్ట వెనకా ఒండ్రు ఆగి ఉంది. నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి సన్నగా, తేటగా దిగుతున్నాయి. గువ్వా నిచ్చెనా బురదలో కూలబడి ఒకళ్ళ మొహం చూసి ఒకళ్ళు నవ్వుతూనే ఉన్నారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చెప్పిన పాఠం నా కళ్ళముందు నిజమవ్వడం అదే మొదటిసారి.

నెల తిరిగేసరికి ఊరి బావుల్లో నీళ్ళు పెరిగాయి. పెద్దలు బడికి వచ్చి పిల్లలకి చాక్లెట్లు పంచారు. అన్నిటికన్నా కింద ఉన్న పెద్ద కట్ట వాళ్ళకి బాగా నచ్చింది. దాన్ని మనిషెత్తుకి లేపి, ముందూ వెనకా సిమెంటు పూత పూయించారు. ఇప్పుడక్కడ మడుగు నిలిచింది. నాలుగు మోటార్లు పెట్టుకున్నారు. 'విద్యార్థుల ఆనకట్ట' అని బోర్డు రాయించి, పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫోటో తీశారు. బహుమతికి మన బడి పేరు పంపారట, హెడ్మాస్టరు గారి కాళ్ళు నేల మీద లేవు.

ఫోటో తీసేటప్పుడు నిచ్చెన అడిగింది: "సందులు మూసేస్తే నీళ్ళు ఎటు పోతాయి సార్?"

"మన పొలాల్లోకి పోతాయమ్మా" అన్నారు హెడ్మాస్టరు గారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను.

గువ్వ నీకు వేరే రాస్తానంది. రాయదు, నాకు తెలుసు.

మీ వదిన

*

దిగువ

వదినా,

ఆలస్యంగా రాస్తున్నాను. రాసే ఓపిక లేకపోయింది.

ఆ మొదటి వానల తర్వాత ఇటు చుక్క పడలేదు. అయినా ఏ ఏడూ ఈపాటికి వాగు ఎండిపోయేది కాదు. పైపు మూతి గాల్లో వేలాడుతోంది. వంగ నారు పోయింది. టమాటా పసుపుబారి పోతోంది. క్యాబేజీకి ఇంట్లో గిన్నెలు కడిగిన నీళ్ళు పోస్తున్నాను, అవి ఏ మూలకి? మా కింద ఇంకా ముప్ఫై ఇళ్ళున్నాయి, వాళ్ళకి తాగడానికే లేవు. ట్యాంకరు వచ్చినరోజు ఆడవాళ్ళు జుట్లు పట్టుకుంటున్నారు.

మీ పైన మడుగు నిండుగా ఉందని అందరికీ తెలిసిపోయింది. ఆ బోర్డు ఫోటో ఎవరో తెచ్చారు. చేతులు మారి మారి మా ఇంటికీ వచ్చింది. ముందు వరసలో గువ్వ, పళ్ళన్నీ కనపడేట్టు నవ్వుతూ. మొన్న మంగలి షాపులో ఒకడు మా ఆయనతో, "మీ అమ్మాయిని అడిగి మాక్కూడా ఓ బకెట్టు ఇప్పించరాదూ" అన్నాడట. సగం గీసిన గడ్డంతో లేచి వచ్చేశారు. మిగతా సగం ఇంట్లో గీసుకున్నారు. ఆయన కోపం నీకు తెలుసు, గట్టిగా అరిచి అక్కడితో వదిలేస్తారు. ఈసారి అరవడం లేదు.

పిల్లలు మంచి పనే చేశారు వదినా, నేను కాదనను. కానీ ఆ కట్ట తెరిపించు. నువ్వు టీచరువి, నీ మాట వింటారు.

బుల్లి

*

కొండమీది బడి

బుల్లీ,

నీ ఉత్తరం గువ్వకి చూపించకూడదనుకున్నాను. పుస్తకంలో దాచుకుంటే తనే తీసి చదివింది. ఆ రోజు అన్నం ముట్టలేదు. మర్నాడు తరగతిలో లేచి నిలబడి, "టీచర్, మనం వాగుని నడిపిస్తున్నాం అన్నారు. ఇప్పుడది నడవట్లేదు కదా" అంది. సిమెంటు పూస్తున్నప్పుడే నేను నోరు తెరవాల్సింది. చాక్లెట్ల ముందు తెరవలేకపోయాను.

హెడ్మాస్టరు గారు బహుమతి వాళ్ళు వచ్చి వెళ్ళేదాకా ఆగమన్నారు. పెద్దల దగ్గరికి నేనే వెళ్ళాను. ఒకాయన, "కిందవాళ్ళ కోసం మేం మోటార్లు కట్టేసుకోవాలా" అన్నాడు. చివరికి, ఆదివారం బళ్ళో కూర్చుని మాట్లాడదాం అన్నారు. అక్కడిదాకా తేగలిగాను.

వట్టి చేతులతో వెళ్తే లాభం లేదని పిల్లలు ఒక ఉపాయం తయారుచేశారు. కట్ట అడుగున లావుపాటి పైపు దించి దానికో తిప్పుడు మూత పెడితే, సగం నీళ్ళు ఎప్పుడూ కిందకి పోతాయి, మడుగూ ఉంటుంది. నిచ్చెన బొమ్మ గీసింది. శనివారం పొద్దున పిల్లల్ని తీసుకుని కట్ట కిందకి వెళ్తాను, పైపు ఎక్కడ దిగాలో గోడ మీద గుర్తు పెట్టుకోవాలి. ఆ గుర్తు పెట్టే పని తమదేనని గువ్వా నిచ్చెనా ఎవర్నీ దగ్గరికి రానివ్వడం లేదు.

మీ వాళ్ళని ఆదివారం దాకా ఓపిక పట్టమను. పెద్దలు వినకపోతే నేనే పైకి రాస్తాను, ఉద్యోగం ఏమైనా సరే.

మీ వదిన

*

కొండమీది బడి

బుల్లీ,

ఇది పోస్టులో వేస్తున్నాను. ఎందుకో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

మీ అన్నయ్య కిందకి వచ్చి గువ్వ బతికే ఉందని చెప్పారు కదా. మిగతాది నేను రాయాలి.

శనివారం పొద్దున గువ్వా నిచ్చెనా మాకన్నా ముందు పరిగెత్తారు. నేను మిగతా పిల్లలతో మలుపు ఇవతల ఉన్నాను. ముందు రాళ్ళ మీద గునపాల చప్పుడు వినపడింది. ఎవరో పనిచేస్తున్నారనుకున్నాను. తర్వాత ఒక అరుపు. తర్వాత వాగు వచ్చింది. నీళ్ళు ఒక్కటే కాదు, కట్ట మొత్తం వచ్చింది.

అవతలి గట్టు మీంచి నలుగురైదుగురు మగవాళ్ళు పైకి పరిగెత్తడం పిల్లలు చూశారు. మొహాలకి తువ్వాళ్ళు ఉన్నాయి.

గువ్వ గట్టు మీద దొరికింది, ఒళ్ళంతా బురదతో. ఎడమ మణికట్టు విరిగింది. దాని మీద వేళ్ళ గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి, ఎవరో పట్టి లాగినట్టు. ఎవరు లాగారంటే తెలియదంటుంది.

నిచ్చెన చాలా కిందకి దొరికింది. వాళ్ళ నాన్న వెతుకుతూ వెళ్ళి తనే ఎత్తుకొచ్చాడు. ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. ఆ పొడుగు పిల్లని ఎత్తుకుని అంత ఎత్తు ఎలా ఎక్కాడో తెలియదు. బడి వరండాలో పడుకోబెట్టి, ఆ పిల్ల గౌను మోకాళ్ళ కిందకి సర్దుతూ కూర్చున్నాడు. పొడుగు పెరిగింది కదా, అది సరిపోవడం లేదు.

ఇక్కడ జనం మండిపడుతున్నారు. బస్సులు ఆపేశారు. పోలీసులు దారి మీద ఉన్నారు. దిగువ నుంచి ఎవరూ రావద్దు, నువ్వు కూడా. గువ్వని నేను చూసుకుంటాను.

వదిన

*

దిగువ

వదిన గారికి,

మీ ఉత్తరం అందింది. ఆ అమ్మాయి విషయం విని మేమంతా చాలా బాధపడ్డాం. ఆ తల్లిదండ్రులకి దేవుడు ధైర్యం ఇవ్వాలి.

ఇటువైపు వాళ్ళే చేశారని మీ దగ్గర అనుకుంటున్నట్టున్నారు. ఎవరో బయటివాళ్ళు అయ్యుండొచ్చు. ఆయనకి నడుం పట్టేసి వారమైంది. గురువారం నుంచీ మంచం దిగలేదు, కాంపౌండరు వచ్చి సూది మందు ఇచ్చి వెళ్ళాడు, కావాలంటే అడగవచ్చు. శనివారం నేను ఇంట్లోనే ఉన్నాను, ఆయన పక్కనే ఉన్నాను.

గువ్వని ఇంటికి పంపించండి. బస్సులు లేకపోతే అన్నయ్యతో పంపించండి. పోలీసులు పిల్లల్ని ప్రశ్నలు అడుగుతున్నారని విన్నాను. చిన్నపిల్ల, భయంలో ఏదో ఒకటి అనేస్తుంది. దయచేసి పంపించండి.

ఇట్లు,
గువ్వ వాళ్ళ అమ్మ

*

కొండమీది బడి

బుల్లీ,

నేను అడగని ప్రశ్నకి జవాబు రాశావు. నన్ను 'మీరు' అన్నావు. పెళ్ళై నేను ఆ ఇంటికి వచ్చిననాడు నువ్వు గువ్వంత పిల్లవి, అప్పుడు కూడా అనలేదు. చదువుతుంటేనే నాకు అర్థమైంది.

నిన్న గువ్వకి కట్టు మారుస్తుంటే, నేనేమీ అడగకుండానే చెప్పింది. చెప్పినట్టే రాస్తున్నాను.

వాళ్ళిద్దరూ గోడ మొదట్లో కూర్చుని సుద్దతో గుర్తు పెడుతున్నారట. పైన చప్పుడవుతుంటే పెద్దలు పంపిన మేస్త్రీలనుకున్నారట. సిమెంటు పెళ్ళలు పడ్డాక లేచి వెనక్కి వచ్చి పైకి చూశారు. "పిల్లలున్నార్రా, ఆపండ్రా" అని ఒకాయన అరిచాడు. గొంతు వినగానే గువ్వకి తెలిసింది. అప్పటికే గోడ వంగుతోంది. ఆయన గునపం పారేసి గట్టు మీంచి దూకాడు. మొహం మీద తువ్వాలు జారిపోయింది. ఇద్దరూ చేతులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన గువ్వ మణికట్టు దొరకబుచ్చుకుని లాగాడు. నిచ్చెన చెయ్యి జారిపోయింది.

గువ్వని గట్టు మీద పడేశాక ఆయన నీళ్ళవైపు తిరిగాడట. నిచ్చెన ఒక బండని పట్టుకుని ఉందట, ఇంకా. గువ్వకి కనపడుతోంది. ఆయనకీ కనపడి ఉండాలి. పైనుంచి ఎవరో "రా, రా" అని పిలిచారు. ఆయన వెళ్ళిపోయాడు.

"నాన్న మళ్ళీ దిగుతాడనుకున్నా అత్తా" అంది. అంతే. ఏడవలేదు. ఆ మాట తర్వాత పడుకుంది.

పోలీసులకి నేనేమీ చెప్పలేదు. చెప్పకూడదని కాదు. ఆ మాట గువ్వ నోటివెంట రావాలంటే ఆ పిల్ల తన తండ్రిని తనే పట్టించాలి. రాకపోతే రోజూ బడికి వెళ్ళి ఆ ఖాళీ బెంచీ పక్కన కూర్చోవాలి. ఈ రెండిటిలో ఏది మంచిదో చెప్పే చదువు నేను చదువుకోలేదు. నువ్వు తల్లివి. నువ్వూ ఆయనా చెప్పండి.

వదిన

*

దిగువ

వదినా,

కట్ట తెగకముందు నువ్వు రాసిన ఉత్తరం ఆయనకి పైకి చదివాను. ఎప్పటిలాగే ఆయన ట్రేలు కడుగుతున్నారు, నీళ్ళు లేకపోయినా గుడ్డతో తుడుస్తున్నారు. ఆదివారం పెద్దలు కూర్చుంటారన్నది చదివాను. శనివారం పిల్లలు కట్ట కిందకి వెళ్తారన్నది చదవలేదు. గువ్వ ఇంకా ఆ కట్ట చుట్టూనే తిరుగుతోందని తెలిస్తే ఆయన మండిపడతారని, చదువు మాన్పించి తెచ్చేస్తారని భయపడ్డాను. ఆ నాలుగు ముక్కలూ కళ్ళతో దాటేసి కింద ముక్క అందుకున్నాను. కూతుర్ని కాపాడుతున్నాననుకున్నాను.

ఆదివారం అక్కడ పెద్దలుంటారు కాబట్టి శనివారమే పని ముగించాలని మంగలి షాపులో అనుకున్నారట. ఎవరూ ఉండరనే వెళ్ళారు.

తిరిగి వచ్చినరోజు నుంచి ఆయన నడుం నెప్పి అని పడుకున్నారు. ఆ నెప్పి నేను కల్పించలేదు, నిజంగానే లేవలేకపోయారు; గురువారం నుంచి అని రాసిందే అబద్ధం. ఏమీ చెప్పలేదు, నేను అడగలేదు. నీ ఉత్తరం వచ్చాక మంచం పక్కన కూర్చుని రెండూ చదివాను. ముందు నేను ముక్కలు దాటేసింది పూర్తిగా, తర్వాత గువ్వ మాటలు రాసింది. "మళ్ళీ దిగుతాడనుకున్నా" దగ్గర ఆగలేదు. ఆగితే ఇంక చదవలేనని తెలుసు.

విని గోడవైపు తిరిగారు. తర్వాత, "దిగుదామనే అనుకున్నా. కాళ్ళు రాలేదు" అన్నారు. లేచి మొహం కడుక్కుని చొక్కా వేసుకున్నారు. బొత్తాలు తప్పు పెట్టుకుంటే నేను సరిచేశాను. పోలీసు స్టేషను దాకా పక్కనే నడిచాను.

తన పేరు ఒక్కటే చెప్పారు. మిగతావాళ్ళ పేర్లు చెప్పలేదని ఇక్కడ కొందరు ఆయన్ని మెచ్చుకుంటున్నారు. ఆ మెచ్చుకోలు మొదలవగానే నేను తలుపు వేసేసుకుంటున్నాను. ఇంకొందరు, లొంగిపోయి ఊరి పరువు తీశాడని మా నారుమళ్ళు తొక్కి పోయారు. తొక్కడానికి అందులో ఏమీ మిగల్లేదు, పాపం.

గువ్వని పంపమని ఇంక అడగను. తను ఏమంటే అదే.

నీ బుల్లి

*

కొండమీది బడి
చలి మొదలయ్యాక

బుల్లెమ్మా,

కట్ట మళ్ళీ కట్టారు. ఈసారి మేస్త్రీలు వచ్చి అడుగునుంచీ సిమెంటుతోనే కట్టారు, కాపలాకి మనిషిని పెట్టారు. పైపు మాట ఎత్తితే, "మా పిల్లని చంపినవాళ్ళకి నీళ్ళా" అంటున్నారు. నిచ్చెన బతికి ఉన్నప్పుడు ఆ పిల్ల చెప్పింది ఒక్కరూ వినలేదు. ఇప్పుడు బోర్డు మీద ఆ పిల్ల పేరు రాశారు. బహుమతి మన బడికే వచ్చింది. తీసుకోవడానికి నేను వెళ్ళలేదు. పైఅధికారులకి రెండు ఉత్తరాలు రాశాను, మూడోది రాస్తున్నాను. జవాబుగా నాకు బదిలీ కాయితం వచ్చేట్టుంది. వచ్చేదాకా రాస్తాను.

నిన్న డ్రైవరు గారు బడికి వచ్చారు. కూతురి సంచీ, చెప్పులు ఇంకా తరగతిలోనే ఉన్నాయి. వ్యాను ఇప్పుడు వేరేవాళ్ళు నడుపుతున్నారు. ఆయన చేతులు ఒళ్ళో ఊరికే పడి ఉన్నాయి.

సంచీ నేనిద్దామని లేచేలోగా గువ్వే తీసుకెళ్ళింది. కట్టు ఇంకా విప్పలేదు, ఒక చేత్తోనే పట్టుకుంది. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. గువ్వ ఆయన ఎదురుగా నిలబడి, "మా నాన్న ముందు నా చెయ్యి పట్టుకున్నాడు అంకుల్" అంది. "తను ఇంకా బండని పట్టుకునే ఉంది. నేను చూశాను. నేను కూడా అరవలేదు, నోరు రాలేదు."

ఆయన సంచీ తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. కోపం వస్తుందేమోనని నేను ఒక అడుగు ముందుకేశాను. రాలేదు.

"నేనైనా ముందు నా పిల్లనే లాగేవాణ్ణమ్మా" అన్నాడు. "అందుకు మీ నాన్నని ఏమీ అనను. కానీ రెండోసారి దిగేవాణ్ణి. ఎవరి పిల్లయినా సరే, దిగేవాణ్ణి."

గువ్వ తలూపింది. ఆయన చెప్పులు కూడా తీసుకుని, లేచి, గువ్వ తల మీద చెయ్యి పెట్టబోయి, పెట్టకుండానే వెళ్ళిపోయాడు.

అప్పుడు ఏడ్చింది బుల్లీ. ఇన్నాళ్ళ తర్వాత అప్పుడు ఏడ్చింది. నేను ఆపలేదు.

రాత్రి అన్నం తింటూ, నువ్వు జైలుకి ఆయన్ని చూడ్డానికి వెళ్ళేటప్పుడు తనూ వస్తానంది. వాళ్ళ నాన్నని ఒక్క మాట అడగాలట. ఏం మాటో నాకు చెప్పలేదు. బస్సులు తిరుగుతున్నాయి. ఏ రోజు వెళ్తావో రాస్తే, నేనే దగ్గరుండి తీసుకొస్తాను.

వదిన